మంచు పడకముందే తెల్లబడింది

"అది కావాలని మారదమ్మా. పగలు చిన్నదైతే దానంతట అదే మారిపోతుంది." మా అమ్మాయి ఈ మాట అని రెండు వారాలైంది. ఇంకా నన్ను వదలడం లేదు.

అమెరికాలోని డులూత్‌లో మా ఇంటి వెనక కట్టెల మోపు కింద ఓ ఎర్మిన్ ఉంటోంది. వీజిల్ జాతికి చెందిన చిన్న వేటజంతువు. మొదట ముంగిస పిల్ల అనుకున్నాను, ఎలుక వెంట పడితే అచ్చం అలాగే ఉంటుంది. వేసవిలో వీపు గోధుమరంగు, పొట్ట తెలుపు. చలి మొదలయ్యాక ఆ తెలుపు పొట్ట నుంచి పక్కలకి, పక్కల నుంచి వీపు మీదకి పాకింది. నవంబర్ నడిమికల్లా తోక చివర నలుపు తప్ప ఒళ్లంతా తెల్లబడింది. మంచు మాత్రం పడలేదు. ఎండుటాకుల మీద అది పరిగెడుతుంటే ఎంత దూరానికైనా కనపడిపోయేది.

ఆ రోజు మా అమ్మాయి బడి నుంచి పులిహోర డబ్బా మూత తీయకుండానే ఇంటికి తెచ్చింది. "అందరూ చూస్తారు" అంది పిల్ల. కోపం ఆపుకుని బుద్ధులు చెప్పాను. "బయట వాళ్లలా ఉండు, ఇంటికొచ్చాక మనలా ఉండు. ఎర్మిన్‌ని చూడు, ఎక్కడికి తగ్గ రంగు అక్కడ వేసుకుంటుంది." అప్పుడే ఆ మాట అంది.

నిజమే. అది నేలని చూసి మారదు. పగటి వెలుగు తగ్గేకొద్దీ ఒంట్లో హార్మోన్లు మారి తెల్లబొచ్చు వస్తుంది. మంచు ఆలస్యమైతే దాని చేతుల్లో ఏమీ లేదు. నా పిల్లకి మాత్రం ఏం ఉంది? వాళ్లలా ఉండమన్నదీ నేనే, పులిహోర కట్టిచ్చిందీ నేనే. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినపడితే కసురుకునేదీ నేనే.

తోక నలుపు మారదు కదా, మన భాష కూడా అంతేనని పిల్లకి చెబుదామనుకున్నాను. 1982లో రోజర్ పావెల్ అనే శాస్త్రవేత్త డేగలకి శిక్షణ ఇచ్చి, బొమ్మ వీజిల్స్‌తో పరీక్షించాడు. తోక చివర నల్లమచ్చ ఉన్న బొమ్మల్ని పట్టుకోవడంలో అవి ఎక్కువగా గురి తప్పాయి. ప్రాణం కాపాడేది ఆ నలుపే. కానీ డేగ కన్ను పడేదీ దాని మీదే. క్లాసులో మా అమ్మాయి పేరు పిలిస్తే అందరూ వెనక్కి తిరిగి చూస్తారట. మా అత్తగారి పేరది, నేనే పట్టుబట్టి పెట్టాను. ఇప్పుడు రెండక్షరాలకి కుదించమంటోంది. ఇంకా ఔననలేదు.

నిన్న రాత్రి మంచు పడింది. పొద్దున్నే పిల్ల కిటికీకి ముఖం ఆనించి చాలాసేపు చూసింది.

"ఇంక కనపడట్లేదమ్మా" అంది. దాని గొంతులో అంత నిశ్చింత నేనెప్పుడూ వినలేదు.