క్రూజ్ కంపెనీ మార్చి సూట్ తీసుకుంటే ఏం మారుతుంది: నా అనుభవం

రాయల్ కరీబియన్‌లో జూనియర్ సూట్‌కి అలవాటుపడినవాళ్లు నార్వీజియన్ అనే ఇంకో క్రూజ్ కంపెనీకి మారగానే క్లబ్ బాల్కనీ సూట్ చూసి, రెండూ ఒకటేలే అనుకుని బుక్ చేసేస్తారు. ఒకటి కావు. రాయల్ పెద్ద ఓడల్లో జూనియర్ సూట్ తీసుకుంటే కనీసం రాత్రి భోజనానికి కోస్టల్ కిచెన్ అనే ప్రత్యేక రెస్టారెంట్‌లోకి వెళ్లొచ్చు. క్లబ్ బాల్కనీ సూట్ అనేది మొన్నమొన్నటిదాకా మినీ సూట్‌గా అమ్మిన గదే. కాస్త పెద్దగా ఉంటుంది, అంతవరకే. గదికి సేవలు చేసే బట్లరూ ఉండడు, సూట్లవాళ్లకే కేటాయించిన హేవెన్ అనే ప్రాంతంలోకి రానివ్వరు. అందుకే కంపెనీ మారేటప్పుడు నేను రెండే విషయాలు చూస్తాను. ఈ గది కీ కార్డుతో ఓడలో ఏ తలుపులు తెరుచుకుంటాయి? టికెట్ డబ్బులోనే ఏయే ఖర్చులు తీరిపోతాయి? సోఫా, పాలరాయి, గది కొలతలు ఆ తర్వాత.

తలుపుల సంగతికొస్తే, పెద్ద కంపెనీలు ఎక్కువగా రెండు పద్ధతుల్లో ఏదో ఒకటి పాటిస్తాయి. మొదటిది ఓడలోనే ఇంకో చిన్న ఓడ. నార్వీజియన్ హేవెన్, ఎమ్మెస్సీ యాట్ క్లబ్ ఈ కోవలోవి. గదులు, సన్‌డెక్, లాంజ్, రెస్టారెంట్ అన్నీ కార్డు చూపిస్తే తప్ప తెరుచుకోని తలుపుల వెనక ఉంటాయి. 24 గంటలూ బట్లరు, విడిగా కన్సియర్జ్ (సీట్లు, బుకింగులు చూసిపెట్టే మనిషి) ఉంటారు. యాట్ క్లబ్ 2008లో ఎమ్మెస్సీ ఫాంటాసియా ఓడతో మొదలైంది. దాంట్లో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. చాలా ఓడల్లో కిటికీ లేని లోపలి క్యాబిన్‌ని కూడా యాట్ క్లబ్ కిందే అమ్ముతారు. గది చిన్నదే అయినా పూల్, లాంజ్, డ్రింక్స్, బట్లరు అందరితోపాటే. పగలంతా బయటే గడిపేవాళ్లకి దీన్ని మించిన బేరం నాకైతే కనపడలేదు.

రెండో పద్ధతిలో గదులు ఓడంతా చెల్లాచెదురుగా ఉంటాయి. సౌకర్యాలు మాత్రం ఒక లాంజ్, ఒక రెస్టారెంట్ దగ్గర కలుస్తాయి. రాయల్ సూట్ క్లాస్, సెలెబ్రిటీ రిట్రీట్, హాలండ్ అమెరికా నెప్ట్యూన్ లాంజ్, కునార్డ్ గ్రిల్స్ ఇలాంటివి. హేవెన్ నుంచి ఇక్కడికి మారినవాళ్లకి మొదట్లో ఏదో వెలితిగా ఉంటుంది. గది తలుపు తీస్తే మామూలు కారిడార్, మామూలు లిఫ్టులు, మామూలు రద్దీ. ఈ పద్ధతి నుంచి హేవెన్‌కి వెళ్లినవాళ్ల ఇబ్బంది వేరు. హేవెన్ రెస్టారెంట్ మెనూ రోజూ దాదాపు అదే ఉంటుంది, సెలెబ్రిటీ సూట్ల రెస్టారెంట్ లూమినేలో రోజూ మారుతుంది. 10 రాత్రుల ప్రయాణంలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇక్కడ రాయల్ మెట్లు కొంచెం విడమర్చాలి. ఒయాసిస్, క్వాంటమ్, ఐకాన్ తరగతి ఓడల్లో సూట్లకి సీ, స్కై, స్టార్ అని మూడు మెట్లున్నాయి. సీ అంటే ఇందాకటి జూనియర్ సూట్. సూట్ లాంజ్‌లోకి ప్రవేశం ఉండదు. గ్రాండ్ సూట్‌తో మొదలయ్యే స్కైలో లాంజ్, కన్సియర్జ్, వైఫై, కోస్టల్ కిచెన్‌లో అన్ని పూటలా భోజనం వస్తాయి కానీ డ్రింక్స్ ప్యాకేజీ రాదు. స్టార్‌లో డ్రింక్స్, స్పెషాలిటీ రెస్టారెంట్లు (మామూలుగా విడిగా డబ్బు కట్టాల్సినవి), టిప్పులు కలిసే ఉంటాయి, పైగా జీనీ అని పిలిచే మనిషి మీ పనులన్నీ చూసుకుంటారు. స్టార్‌కి అలవాటుపడి వేరే కంపెనీలో అలాంటిదే కావాలంటే అతి పెద్ద సూట్లలో కూడా దొరకడం కష్టం. స్కై నుంచి మారేవాళ్లకి మాత్రం యాట్ క్లబ్, రిట్రీట్ రెండూ మెట్టు ఎక్కినట్టే ఉంటాయి. ఎందుకంటే ఆ రెండింట్లో డ్రింక్స్, వైఫై టికెట్‌లోనే కలిసి ఉంటాయి.

పేరు చూసి పొరబడే గదులు ఇంకా ఉన్నాయి. ప్రిన్సెస్ మినీ సూట్‌లో సోఫా, ఎక్కువ చోటు ఉంటాయి, లాంజ్ ఉండదు. రిజర్వ్ కలెక్షన్ అని రాసి ఉంటేనే డైనింగ్‌లో ప్రత్యేక విభాగం దొరుకుతుంది. హాలండ్ అమెరికాలో సిగ్నేచర్, విస్టా సూట్లకి నెప్ట్యూన్ లాంజ్‌లోకి ప్రవేశం లేదు. కార్నివాల్ సూట్లకి చాలా ఓడల్లో ముందుగా ఎక్కించడం తప్ప విడిగా రెస్టారెంటూ లాంజూ ఉండవు. సెలెబ్రిటీలో కన్సియర్జ్ క్లాస్, ఆక్వా క్లాస్ రెండూ సూట్లు కావు. ఆక్వా వాళ్లకి బ్లూ అనే రెస్టారెంట్ ఉంది, అది నిజంగా బాగుంటుంది, కానీ రిట్రీట్ వేరు. కునార్డ్‌లో క్వీన్స్ గ్రిల్‌కి బట్లరు ఉంటాడు, ప్రిన్సెస్ గ్రిల్‌కి ఉండడు. రెండింటికీ డైనింగ్ హాళ్లు వేరు. అక్కడ గాలా రాత్రులకి సూటూ బూటూ కావాలి కాబట్టి సామాను లెక్క కూడా మారుతుంది.

కంపెనీ తేల్చుకున్నాక ఓడ సంగతి చూడాలి. నార్వీజియన్ స్కై, సన్, స్పిరిట్ ఓడల్లో హేవెన్ లేదు. ఎమ్మెస్సీ లిరికా తరగతిలో యాట్ క్లబ్ లేదు. రాయల్ పాత ఓడల్లో స్టార్ మెట్టే లేదు. ఉన్న ఓడల్లోనూ అమరిక ఒకేలా ఉండదు. ఫాంటాసియా తరగతిలో యాట్ క్లబ్ గదులు ఓడ ముందు భాగంలో, రెస్టారెంట్ వెనక భాగంలో ఉంటాయి. భోజనానికి వెళ్లాలంటే ఓడ పొడవునా నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఈ ఒక్క కారణంతోనే కొత్త సీసైడ్ తరగతి వైపు చూడొచ్చు, అక్కడ అన్నీ ముందువైపే ఉంటాయి.

డెక్ ప్లాన్ (ఓడ అంతస్తుల పటం) చూసేటప్పుడు గదికి పైన ఒక డెక్కు, కింద ఒక డెక్కు కూడా తెరిచి చూస్తాను. పైన పూల్ డెక్ ఉంటే పొద్దున్నే కుర్చీలు ఈడ్చే చప్పుడు. కింద థియేటర్ ఉంటే రాత్రి సంగీతం. సూట్లు ఎక్కువగా పై డెక్కుల్లో, ముందు చివర ఉంటాయి. అలలున్నప్పుడు ఎక్కువగా ఊగేది అదే చోటు. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్లు ఓడ మధ్యలో, కింది డెక్కులో ఉన్న సూట్ తీసుకోవాలి. ఈ విషయంలో హేవెన్ కంటే చెల్లాచెదురు పద్ధతే మేలు. వెనక చివర సూట్లకి పెద్ద బాల్కనీ, వెనక తెల్లగా విచ్చుకునే నీటి దారి దక్కుతాయి. బదులుగా కొంత వణుకు, అప్పుడప్పుడూ చిమ్నీ మసి.

గది వైశాల్యం పోల్చేటప్పుడు బాల్కనీ కలిపారో లేదో చూడాలి. హాలండ్ అమెరికా నెప్ట్యూన్ సూట్‌కి రాసే 500 నుంచి 712 చదరపు అడుగులు బాల్కనీతో కలిపిన లెక్క. ప్రిన్సెస్ మినీ సూట్ 323 అడుగులూ అలాగే. గదినీ బాల్కనీనీ విడివిడిగా రాసే కంపెనీ అంకె పక్కన పెడితే ఇవి ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తాయి. సెలెబ్రిటీ ఎడ్జ్ తరగతి మామూలు బాల్కనీ గదుల్లో ఎక్కువ భాగం ఇన్ఫినిట్ వరండా. బయటికి అడుగుపెట్టే బాల్కనీ ఉండదు, బటన్ నొక్కితే అద్దం పై సగం కిందికి దిగుతుంది. అది తెరిచినప్పుడు ఏసీ ఆగిపోతుంది. వాతావరణం బాగోకపోతే సిబ్బంది దాన్ని మూసి లాక్ చేస్తారు. అదే ఓడలో స్కై సూట్‌కి మామూలు బాల్కనీయే ఉంటుంది. బాల్కనీలో కూర్చోవడానికే క్రూజ్‌కి వెళ్లేవాళ్లకి ఈ తేడా ముఖ్యం.

ధర పోల్చడానికి నేను టికెట్ రేటు పక్కన పెట్టి తలసరి రాత్రి ఖర్చు కడతాను. టికెట్, పన్నులు, రోజువారీ టిప్పులు, డ్రింక్స్, వైఫై, రెండు పూటల స్పెషాలిటీ భోజనం కలిపి, 7 రాత్రులు ఇద్దరు అయితే 14తో భాగించాలి. ఒంటరిగా వెళ్తే చాలాచోట్ల ఇద్దరి టికెట్ కట్టాలి, భాగించేది మాత్రం 7తోనే. ఇలా కడితే క్రమం తరచూ తారుమారవుతుంది. టికెట్‌లో చవగ్గా కనిపించిన హేవెన్ మీద ఉచితం పేరుతో ఇచ్చే డ్రింక్స్ ప్యాకేజీకి 20 శాతం సర్వీస్ ఛార్జ్ పడుతుంది. సూట్లకి రోజువారీ టిప్పు రేటూ మామూలు గదుల కంటే ఎక్కువ. మద్యం ముట్టనివాళ్లు డ్రింక్స్ అంకె తీసేసి మళ్లీ కట్టాలి. వాళ్లకి యాట్ క్లబ్ ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది. పెద్ద సూట్ ధర దగ్గరికి వచ్చాక పూర్తి లగ్జరీ కంపెనీలని కూడా ఇదే లెక్కలో పెట్టి చూడండి. సిల్వర్‌సీలో ప్రతి సూట్‌కీ బట్లరు ఉంటాడు, రీజెంట్‌లో రేవుల్లో తిప్పే టూర్లు కూడా టికెట్‌లోనే, వైకింగ్ సముద్ర ఓడల్లో ప్రతి గదికీ బాల్కనీ, ప్రతి రేవులో ఒక టూరు ఉచితం, 18 ఏళ్లలోపు పిల్లలు ఉండరు. ఓడ చిన్నది కాబట్టి పెద్ద థియేటర్, నీటి జారుడుబండలు మాత్రం ఆశించకూడదు.

బుకింగ్‌లో తడబడేది గడువుల దగ్గర. మిగిలిన డబ్బు కట్టాల్సిన తేదీ ప్రయాణానికి 75 నుంచి 120 రోజుల ముందు ఎక్కడైనా ఉండొచ్చు. సూట్లకి రద్దు నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి, కొన్నిచోట్ల డిపాజిట్ వెనక్కి రాదు. పాత కంపెనీ తేదీనే గుర్తుపెట్టుకుని కూర్చుంటే బుకింగ్ పోతుంది. ఆ తేదీలోపు ధర తగ్గితే సరిచేయమని అడగొచ్చు, అది దాటాక చాలా కంపెనీలు ఒప్పుకోవు. ఇద్దరికి సూట్, పిల్లలకో పెద్దవాళ్లకో మామూలు గది తీసుకునే కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సింది ఇంకొకటి. మామూలు గదిలో ఉన్నవాళ్లు హేవెన్, యాట్ క్లబ్ లోపలికి రాలేరు. తలుపు దగ్గర బతిమాలినా పని జరగదు.

బుక్ చేశాక, మెరుగైన గదికి ఇంకెంత ఇస్తారో పాడమంటూ వచ్చే అప్‌గ్రేడ్ వేలం మెయిళ్లు, రాయల్‌అప్, సెలెబ్రిటీ మూవ్‌అప్ లాంటివి, కంపెనీ మారేవాళ్లకి మంచి దారే. అక్కడ కనిపించే అంకె ఒక్కరిది. గదిలో ఒక్కరే ఉన్నా ఇద్దరికి పడుతుంది. ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోలేరు, గది ఎక్కడిస్తే అక్కడే. రోజువారీ టిప్పు కొత్త గది రేటుకి మారుతుంది, కానీ లాయల్టీ పాయింట్లు చాలాచోట్ల మొదట డబ్బు కట్టిన గది లెక్కనే వస్తాయి. రాయల్‌లో మామూలు గదికి రాత్రికి 1 పాయింటు, సూట్‌కి 2 కాబట్టి పాయింట్ల కోసం వెళ్లేవాళ్లు వేలం దారి పట్టకపోవడమే మంచిది. పాత కంపెనీలో లాయల్టీ హోదా ఉంటే ఎమ్మెస్సీ దాన్ని చూసి తన వాయేజర్స్ క్లబ్‌లో సమానమైన హోదా ఇస్తుంది. ఆ దరఖాస్తు ప్రయాణానికి ముందే పూర్తిచేసి, వచ్చిన నంబరు బుకింగ్‌కి జోడించాలి.

ఎక్కే రోజు ప్రత్యేక వరుస ఉంటుంది కానీ పోర్టు సెక్యూరిటీ తనిఖీ అందరికీ ఒకటే. గదులు సాధారణంగా ఒంటిగంట దాటాకే ఇస్తారు. ఆలోపు బఫే వైపు పరుగెత్తకుండా సూట్ రెస్టారెంట్‌లో భోజనం ఉందా అని అడగండి. చాలా ఓడల్లో మొదటిరోజే తెరిచి ఉంటుంది, సగం ఖాళీగా ఉంటుంది.

బట్లరుతో మొదటిరోజే పది నిమిషాలు మాట్లాడితే తర్వాత సుఖం. ఒక్కో బట్లరు చాలా గదులు చూస్తాడు కాబట్టి అడగనిదే ఏదీ జరగదు. పొద్దున్న కాఫీ ఎన్నింటికి, మినీబార్‌లో ఏం తీసేసి ఏం పెట్టాలి, దిండు గట్టిదా మెత్తదా, సాయంత్రం చిరుతిళ్లు కావాలా వద్దా, ఏ రాత్రి ఏ రెస్టారెంట్, ఏం పడదు, ఇవన్నీ కాగితం మీద రాసి ఇస్తే మంచిది. పెట్టె విప్పి బట్టలు సర్దడం, బూట్లు తుడిపించడం, గదిలోనే వరుసగా భోజనం వడ్డించడం వాళ్ల పనే. థియేటర్ సీట్లు, ఓడ నుంచి ఒడ్డుకి చేర్చే టెండర్ పడవ ఎక్కడానికి ముందు వరుస కన్సియర్జ్ పని. అది బట్లరుని అడిగితే ఒక రోజు ఆలస్యమవుతుంది, అంతే.

టిప్పుల దగ్గర కంపెనీకో తీరు. నార్వీజియన్‌లో బట్లరుకీ కన్సియర్జ్‌కీ రోజువారీ సర్వీస్ ఛార్జ్‌లో వాటా లేదు, వాళ్లకి విడిగా ఇవ్వాలి. రాయల్ స్టార్‌లో టిప్పులు టికెట్‌లోనే ఉన్నా జీనీకి చాలామంది చేతికిచ్చి వస్తారు. చిన్న నోట్లు వెంట పెట్టుకోండి.

చివరి రాత్రికి ముందు రోజు గెస్ట్ సర్వీసెస్‌లో బిల్లు అడగండి. కొత్త కంపెనీ మొదటి బుకింగ్‌కి ఓడలో ఖర్చుపెట్టుకోమని ఇచ్చే ఆన్‌బోర్డ్ క్రెడిట్‌లో ఎక్కువ భాగం నగదుగా తిరిగిరాదు, ఓడ దిగేలోపు ఖర్చుపెట్టకపోతే పోతుంది. దాన్ని ముందుగా స్పా మీదో స్పెషాలిటీ భోజనం మీదో వాడేసి, నగదుగా వచ్చే క్రెడిట్ ఏదైనా ఉంటే చివరికి మిగుల్చుకోవాలి. బిల్లులో ఏ క్రెడిట్ ముందు వాడారో అది తేడాగా ఉంటే ఆ రాత్రే సరిచేయించండి. దిగే రోజు పొద్దున ఆ కౌంటర్ ముందు వరుస లిఫ్టుల దాకా ఉంటుంది.