బెయిలు వచ్చిన రోజున మందులు

విచారణ ఖైదీగా హైదరాబాద్‌లోని ఒక జైలులో ఉన్నప్పుడు, విడవని దగ్గు, రాత్రిళ్లు పట్టే చెమటలు, తరిగిపోతున్న బరువు చూసి జైలు డాక్టరు గారు కళ్లె పరీక్ష రాశారు. టీబీ అని తేలింది. టీబీ ఉన్నవారికి హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారని, అయితే నేను ఒప్పుకుంటేనే చేస్తారని, ఫలితం గోప్యంగా ఉంటుందని కౌన్సెలర్ మేడమ్ వివరించారు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఖైదీకి కూడా ఆ హక్కు ఇచ్చిందని అప్పుడే తెలుసుకున్నాను. వేర్వేరు కిట్లతో మూడుసార్లు చూసి పాజిటివ్ అని నిర్ధారించారు.

ఎప్పుడు, ఎలా సోకిందో చెప్పలేను. బ్యారక్‌లో ఒకే సూదితో పచ్చబొట్లు పొడిపించుకోవడం, ఒకే బ్లేడుతో గడ్డాలు గీసుకోవడం కళ్లారా చూశాను. మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాల గురించి తెలియనివారు లేరు, మాట్లాడేవారూ లేరు. కండోములు ఇవ్వడం మాత్రం నేను చూడలేదు. పళ్లెం వల్ల, కుళాయి వల్ల సోకదని మేడమ్ చెప్పినా, నా విషయం పొక్కాక కొందరు చాపలు దూరం జరుపుకున్నారు. పక్క చాప మీది పెద్దాయన ఒక్కరే, "నాకేం కాదులే తమ్ముడూ" అని కదలలేదు.

ముందు టీబీ మందులు, కొన్ని వారాల తరువాత ఏఆర్‌టీ, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, మొదలుపెట్టారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర మామూలుగా రోజుకు ఒకటి చాలు. కానీ టీబీకి వాడే రిఫాంపిసిన్ డోలుటెగ్రావిర్ బలాన్ని తగ్గిస్తుంది కనుక, నాకు 12 గంటల తేడాతో మరో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ మాత్ర ఇచ్చేవారు. ఆకలి మెల్లగా తిరిగివచ్చింది.

నిజమైన గండం బెయిలు రోజున వచ్చింది. ఉత్తర్వులు సాయంత్రం అందాయి, నన్ను చీకటి పడ్డాక వదిలారు, మాత్రలూ చికిత్స కార్డూ జైలు ఆసుపత్రిలోనే ఉండిపోయాయి. మందు ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుందని, ఆగుతూ సాగుతూ ఉంటే మందులకు లొంగని స్థితికి కూడా చేరవచ్చని నాకు తెలుసు. విడుదల కాగితాలతో పాటు నెల మాత్రలు చేతికివ్వడం అంత కష్టమైన పనా అని ఇప్పటికీ అనిపిస్తుంది. మర్నాడే అమ్మను వెంటబెట్టుకొని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లాను. అక్కడివాళ్లు జైలుకు ఫోన్ చేసి వివరాలు తెప్పించుకొని, రెండు రకాల మాత్రలూ ఆ రోజే ఇచ్చారు.

టీబీ చికిత్స పూర్తయ్యాక అదనపు మాత్ర కొంతకాలం కొనసాగించి ఆపేశారు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే వైరల్ లోడ్ పరీక్ష తరువాత చేస్తే, అది కనిపించనంత తక్కువగా ఉంది; అలాగే ఉన్నంతకాలం లైంగికంగా నా నుంచి నా భార్యకు సోకదని డాక్టరు గారు ఆమెకే నేరుగా చెప్పారు.