మళ్లీ ఆ ఓడ దగ్గరికి

నిన్న రాత్రి గుంటూరు బ్రాడీపేటలో అన్నయ్య వాళ్లింట్లో 1979 నాటి స్టార్ ట్రెక్ సినిమా చూశాం. టీవీలో 1966 నుంచి 79 ఎపిసోడ్లు నడిచి, 1969లో ఆగిపోయిన కథ. పదేళ్లకు వెండితెర మీదికొచ్చింది. నడక నెమ్మదే, ఒప్పుకుంటాను. కానీ కథానాయకుడు కిర్క్ పాడ్ అనే చిన్న వాహనంలో కూర్చుని, ఒకప్పుడు తాను కెప్టెన్‌గా ఉన్న, ఇప్పుడు కొత్తగా ముస్తాబైన అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్ చుట్టూ తిరిగే ఆ కొన్ని నిమిషాలున్నాయే! మాటలు దాదాపు లేవు. జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం, ఓడ తెల్లటి ఒళ్లు, రెప్ప వేయని ఆయన కళ్లు. ఎన్నో ఏళ్లకు సొంతింటి గడప చూసినవాడి ముఖం అది. నాకు గొంతు పట్టేసింది. అన్నయ్య చేతిలో టీ చల్లారిపోయింది. "ఇంకోసారి వెయ్యరా" అన్నాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాం.