డాబా మీది ఎండ, లేజర్ కిరణం

హనుమకొండలో మే నెల మధ్యాహ్నం డాబా మీద నిలబడి చూస్తే, ఎదుటి భవనం అంచు నీటి అడుగున ఉన్నట్టు కదులుతూ కనిపిస్తుంది. ఆ కదలికను కొలవడంలోనే నా పరిశోధన జీవితం సగానికి పైగా గడిచింది.

తీగ లేకుండా కాంతితో సమాచారం పంపడం నా రంగం. ఇది కొత్తదేమీ కాదు. 1880లోనే గ్రాహంబెల్, ఆయన సహాయకుడు టెయింటర్ కలిసి సూర్యకాంతి మీద మాటను మోయించి, సుమారు 213 మీటర్ల దూరంలో సెలీనియం గ్రాహకంతో విన్నారు. అయితే నేను పీహెచ్‌డీలో చేరినప్పుడు చదివిన వ్యాసాల్లో ఎక్కువ భాగం పొగమంచు గురించినవే. 500 మీటర్ల దూరం కూడా కనిపించనంత మంచులో 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికీ 1550 నానోమీటర్ల కాంతికీ నష్టంలో దాదాపు తేడా ఉండదని వాటి నుంచే నేర్చుకున్నాను. నేర్చుకున్నది నిజమే కానీ, మా ఊళ్లో అంతటి మంచు డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఏ కొద్ది రోజులో పడుతుంది.

రెండు డాబాల మధ్య దాదాపు నాలుగు వందల మీటర్ల దూరానికి చవకైన ఎర్ర లేజర్ బిగించి కొలతలు మొదలుపెట్టినప్పుడు, సంకేతం పొద్దున నిలకడగా ఉండి, ఒంటిగంటకు కుప్పకూలి, పొద్దుగుంకే వేళకు మళ్లీ కోలుకునేది. రెండు నెలలు స్టాండునూ బోల్టులనూ అనుమానించాను. ఆ అనుమానంలో కొంత న్యాయం ఉంది, ఎందుకంటే ఎండకు ఇనుము వ్యాకోచించి కిరణం గురి తప్పుతుంది. కానీ ఆ జరుగుడు నిమిషాల మీద నెమ్మదిగా సాగుతుంది. మేం చూసిన పతనాలు మిల్లీసెకన్లలో వచ్చి పోయేవి. కాలిన స్లాబు మీది నుంచి లేచే వేడి గాలి ముద్దలు ఒక్కొక్కటీ ఒక్కో వక్రీభవన గుణకంతో, అంటే కాంతిని ఒక్కో మేరకు వంచుతూ, చిన్న చిన్న కటకాల్లా కిరణాన్ని చెదరగొడతాయి. నక్షత్రం మిణుకుమనడానికీ కారణం గాలిలోని ఈ అలజడే. ఇలాంటి అలజడిలో కాంతి తీవ్రత ఎలా హెచ్చుతగ్గులవుతుందో చెప్పే, 2001లో ప్రతిపాదించిన గామా-గామా విభాజనం అనే గణిత నమూనాకు మా కొలతలు చక్కగా సరిపోయాయి. మొదటి వ్యాసాన్ని మాత్రం ఒక పత్రిక, ఇది ఒక ఊరికి సంబంధించిన సమస్య మాత్రమేనని తిప్పి పంపింది. వేడి డాబాలు ఒక్క మా ఊళ్లోనే ఉన్నాయా అని ఇప్పటికీ నాకు అనిపిస్తుంటుంది.

విద్యార్థులకు లైఫై మీద, అంటే గదిలోని దీపాల కాంతితో సమాచారం పంపే పద్ధతి మీద, మోజు ఎక్కువ. 2011లో పరిశోధకుడు హరాల్డ్ హాస్ ఆ పేరు పెట్టారు, 2023లో దానికి సాంకేతిక ప్రమాణమూ వచ్చింది. గది లోపలి పని కాబట్టి అక్కడ ఈ ఎండ బాధ లేదు, అందుకే నా మనసు అటు పోలేదు. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గాలిలో కాంతి లింకులు రెండు వేలు వేయిస్తానని ఒప్పందం చేసుకున్నప్పుడు మాత్రం ఆ వార్తను రెండుసార్లు చదివాను.

పరిష్కారాలు చూడటానికి సాదాగానే ఉంటాయి. గ్రాహకం ముందు పెద్ద కటకం పెడితే హెచ్చుతగ్గులు చాలావరకు సగటులో కలిసిపోతాయి. కిరణాన్ని నేల నుంచి ఎంత ఎత్తుకు లేపితే అలజడి అంత తగ్గుతుంది. ఈ వేసవిలో కిరణాన్ని పిట్టగోడకు నాలుగడుగుల పైకి జరిపించాం. ఒంటిగంట కొలతల కోసం తలకు తువ్వాలు చుట్టుకొని నా విద్యార్థిని పైకి వెళ్లింది.