పాత హోటలుకు కొత్త గదులు: కార్న్‌వాల్ తీరంలో అనుమతుల అనుభవం

ఇంగ్లండు నైరుతి కొసన, కార్న్‌వాల్ తీరంలో పంతొమ్మిదో శతాబ్దపు భవంతిలో నడుస్తున్న ఒక హోటలుకు గదులు పెంచే పని మా కార్యాలయానికి వచ్చినప్పుడు, ఆర్కిటెక్టుగా అనుమతుల బాధ్యత నాకు అప్పగించారు. ఆ భవంతి ప్రభుత్వ వారసత్వ జాబితాలో గ్రేడ్ టూ స్థాయి కట్టడం (లిస్టెడ్ బిల్డింగ్). చుట్టూ ఉన్న నేల 1959 నుంచి రక్షిత ప్రకృతి ప్రాంతం. అందువల్ల ప్లానింగ్ అనుమతితో పాటు, 1990 నాటి చట్టం కింద లిస్టెడ్ బిల్డింగ్ అనుమతిని కూడా విడిగా పొందవలసి ఉంది.

పాత భవంతికి సమానమైన ఎత్తులో, సముద్రానికి ఎదురుగా మరో భాగం కావాలని యజమాని కోరారు. ముందస్తు సమావేశంలో కౌన్సిల్ అధికారి మాత్రం మా నమూనాల జోలికి పోకుండా, ఈ ఇల్లు ఎక్కడెక్కడి నుంచి కనిపిస్తుందని అడిగారు. చట్టం కట్టడాన్నే కాక దాని పరిసరాన్నీ కాపాడమంటుంది కాబట్టి, నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అసలైన ప్రశ్న అదే. తీరం వెంట సుమారు 1,014 కిలోమీటర్లు సాగే నడకదారి సౌత్ వెస్ట్ కోస్ట్ పాత్‌లో మా కొండ మీదుగా సాగే భాగమంతా నడిచి ఫొటోలు తీశాము. ఎటు చూసినా పలకరాతి కప్పు, పొగగొట్టాలు ఆకాశం మీద ఒంటరిగా తేలి కనిపించాయి. పక్కన అదే ఎత్తులో ఏది లేచినా ఆ రూపురేఖ చెదిరిపోతుంది.

అందుకే కొత్త గదులను వెనకవైపు, పాత కూరతోట ప్రహరీ చాటున, వాలులోకి దించి, పైన పచ్చిక పరిచిన ఒకే అంతస్తుగా గీశాము. సముద్రం కనిపించని గదికి ఎవరు అద్దె ఇస్తారన్న యజమాని ప్రశ్న న్యాయమైనదే. ఆఫీసు గదులను కొత్త భాగానికి తరలించి, పాత మేడ మీది ఆ గదులను అతిథులకు కేటాయించడంతో ఆయన కొంత మెత్తబడ్డారు.

తరువాత, అక్కడ చట్టరక్షణ ఉన్న గబ్బిలాల వంతు వచ్చింది. అవి గూటి నుంచి బయటికి వచ్చే తీరును వేసవి నెలల్లోనే పరిశీలించాలి. మేము శరదృతువులో ఉన్నందున ఎదురుచూడక తప్పలేదు.

పాత గోడను కోయకుండా, ఉన్న ద్వారం గుండానే గాజు నడవా కలిపాము. రాతి కట్టుబడికి సిమెంటు వద్దని, సున్నమే కావాలని షరతు పెట్టారు. సిమెంటు తేమను గోడలోనే బంధిస్తుందన్న సంగతి మన గానుగ సున్నపు లోగిళ్లలో పెరిగినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కార్న్‌వాల్‌లోని డెలబోల్ గని పలకరాయి, సున్నపు అతుకు, రాత్రి దీపాల వివరాలు ఆమోదం పొందిన తరువాతే పునాది తవ్వకం మొదలైంది.