టోటల్ సరిపోయిందంట

"టోటల్ సరిపోయింది కదన్నా, ఇంకేంటి మీ గొడవ" అని పొద్దున ఆ లోడింగ్ సూపర్‌వైజర్ అన్న మాట ఇంకా బుర్రలోంచి పోవట్లేదు. మా ఆవిడ లైట్ తీసెయ్యమంటోంది, నా సంగతి మీకు తెలుసుగా, రాసేస్తే గానీ నిద్ర పట్టదు.

టోటల్ అంటే బండీ లోడూ కలిపి మొత్తం బరువు, అది లిమిట్‌కి సరిపోయిన మాట నిజమే, నేను కాదన్లేదు. కానీ క్యాబిన్లో మీటరేమో డ్రైవ్ యాక్సిళ్ల మీద, అదే ఇంజిన్ తిప్పే ఇరుసుల మీద, లిమిట్ కంటే 500 కిలోలు ఎక్కువ చూపిస్తోంది, ట్రైలర్ యాక్సిళ్ల మీద ఇంకా బోలెడు వేయొచ్చు. బరువు ప్యాలెట్లన్నీ ముందు గోడకి ఆనించేసి వెనక ఖాళీ వదిలేశారు మరి. రోడ్డుని తొక్కేది టోటల్ కాదు కదా, ఇరుసులు. అమెరికాలో 1958 నుంచి 1960 దాకా ఆషో రోడ్ టెస్ట్ అని లారీలని అదే పనిగా తిప్పి చూస్తే తేలింది ఇదే, ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకి దెబ్బ దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుద్దని. అంటే ఒక ఇరుసు మీద 10 శాతం ఎక్కువేస్తే దెబ్బ సుమారు 46 శాతం ఎక్కువ. పైగా ఆ ఇరుసు టైర్లూ బ్రేకులూ నావి, పట్టుకుంటే ఫైన్ కట్టేదీ నేనే.

ఇదంతా చెప్తే ఆయన "మీ మీటర్లని ఎవడు నమ్ముతాడు" అన్నాడు. అక్కడ మండింది నాకు. బండిని లోడింగ్ బేలోంచి ముందుకి తీసి, చదునుగా ఉన్న చోట ఆపి, చక్రాలకి అడ్డు పెట్టి, బ్రేకులు వదిలి, సస్పెన్షన్ కుదురుకునేదాకా ఆగి చూసిన అంకె అది. కమాన్ పట్టీల బదులు బరువు మోసే ఎయిర్ బ్యాగుల్లో ప్రెషర్ ఎంతుందో చూసి బరువు కట్టే మీటరు, ఊరికే వాలు మీద ఆపేసి చూస్తే తప్పు చెప్పుద్ది, ఒప్పుకుంటా. బ్యాగుల కిందుండే ఇరుసు, చక్రాల బరువు కూడా ఆ గాలికి తెలీదు, అందుకేగా ఖాళీ బండిని ఒకసారి, ఫుల్ లోడుతో ఒకసారి కాటా వేయించి ఆ లెక్కలు మీటర్‌లో ఎక్కించింది. ఇవేవీ వినకుండా నమ్మనంటే ఎట్లా?

నాన్నైతే ఇలాంటి సూపర్‌వైజర్‌తో మాట్లాడేవాడే కాదు. కిందకి వంగి కమాన్ పట్టీలు చూసేవాడు, వంపు ఎంత పోయిందో, ఏ టైరు పక్కకి ఉబ్బిందో చూసి "ఇటు దించండ్రా" అనేవాడు, అంతే. నేను క్లీనర్ సీట్లో కూర్చునే రోజుల్లో ఒకసారి నాన్న లేనప్పుడు ఇనుప లోడు వెనక ఇరుసుకి కూడా వెనక్కి ఎక్కించేశారు. ఎత్తు ఎక్కేటప్పుడు స్టీరింగ్ చేతిలో తేలికైపోయింది, తిప్పుతుంటే ముందు చక్రాలు రోడ్డుని సరిగ్గా పట్టట్లేదు. నాన్న ముఖం నాకింకా గుర్తుంది, ఒక్క మాట మాట్లాడలేదు, మెల్లగా పక్కకి తీసి ఆపి, మనుషుల్ని పిలిపించి సగం లోడు ముందుకి మార్పించి గానీ కదల్లేదు. చీకటి పడిపోయింది. ఆ రోజు టోటల్ కూడా సరిపోయే ఉంటుంది!

నాన్న కంటి ముందు ఈ మీటర్లెంత అని రాద్దామనే కూర్చున్నా అసలు. కానీ రాస్తుంటే అనిపిస్తోంది, ఇవాళ్టి బండి కింద నాన్న వంగినా ఏమీ కనపడదు. ఎయిర్ సస్పెన్షన్‌లో బరువు పెరిగేకొద్దీ వాల్వ్ ఇంకాస్త గాలి ఎక్కించి బండిని అదే ఎత్తులో నిలబెడుద్ది. 500 కిలోలు ఎక్కువున్నా బండి నిటారుగానే ఉంటది. అంటే సూపర్‌వైజర్‌కీ ఏమీ కనపడలేదు. అంకె క్యాబిన్లో నా ఒక్కడికే, అదీ లోడింగ్ అంతా అయ్యాక. వెనక వేరే బండ్లు క్యూలో ఉంటే మళ్లీ బేలోకి వస్తానంటే ఎవడికైనా చిరాకే. నమ్మనన్నందుకు మాత్రం కోపం పోలేదు.

చివరికి ఫోర్క్‌లిఫ్ట్ కుర్రాడే విన్నాడు. టన్ను టన్ను ఉండే ప్యాలెట్లు రెండు 2.4 మీటర్లు వెనక్కి జరిపితే, కింగ్‌పిన్‌కీ, అదే ట్రైలర్‌ని ముందు బండికి తగిలించే పిన్నుకీ, ట్రైలర్ ఇరుసులకీ మధ్య 8 మీటర్లుంది కాబట్టి 600 కిలోలు వెనక్కి పోతాయని కాగితం మీద వేసి చూపించా. ముందు యాక్సిల్ మీద తగ్గేది కొంచెమే, మిగతాదంతా డ్రైవ్ యాక్సిళ్ల మీదే తగ్గుద్ది. జరిపి చూస్తే లిమిట్ లోపలికి వచ్చేసింది. నవ్వాడు వాడు, బావుంది.

రేపూ అక్కడే లోడు. మీటర్ యాప్ పెద్దోడి పాత ఫోన్‌లో వేయించి సగం లోడు నుంచే ఆ కుర్రాడి దగ్గర పెడదామనుకుంటున్నా. బేలో బ్రేకులు వేసుంటాయి, అంకె పక్కాగా రాదు, అయినా ముందు బరువెక్కుతోందని తెలియడానికి సరిపోద్ది, ఫైనల్ చూసుకోడానికి నేనెలాగూ బయటికి తీస్తా. సూపర్‌వైజర్ ఒప్పుకోకపోతే బరువు ప్యాలెట్లు ఎక్కడెక్కడ దించాలో చాక్‌తో ట్రైలర్ ఫ్లోర్ మీద గీసి పెడతా.