రెండో అంతస్తులో చెప్పుల దుకాణం

బస్సు డ్రైవరు నా చేతిలోని 5 డాలర్ల నోటు చూసి తల అడ్డంగా ఊపాడు. టిక్కెట్టు 2 డాలర్లు. చిల్లర ఇవ్వరట. నోటు డ్రైవరు పక్కనున్న టిక్కెట్ల డబ్బు పెట్టెలో పడిందంటే మిగతా 3 డాలర్లకు నీళ్ళొదులుకోవలసిందే. అది 2019 జూలై, డాలరు 70 రూపాయలకు కాస్త అటూ ఇటూగా ఉంది. ఉన్న ఊళ్ళో అరగంట ప్రయాణానికి 140 రూపాయలే నా ప్రాణానికి ఎక్కువగా తోచాయి, దాని మీద ఇంకో 200 ఊరికే ఎలా పోగొట్టుకోను? దిగిపోదామనుకుంటూ ఉండగా, నా వెనక ఎక్కిన పెద్దావిడ పర్సు తెరిచి, ఒక్కొక్క డాలరు నోటే లెక్కపెడుతూ అయిదు నా చేతిలో పెట్టి నా నోటు తీసుకున్నారు. నల్లజాతి మహిళ, అరవై దాటి ఉంటాయి. జుట్టు పూర్తిగా నెరిసింది. కాళ్ళకు మాత్రం అద్దంలా మెరిసే గోధుమరంగు బూట్లు.

ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఎక్కడికి వెళుతున్నారని అడిగారు. ఊరి బజారు చూడటానికి డౌన్‌టౌన్‌కు వెళుతున్నానని చెప్పాను. ఆవిడ ఒక క్షణం నా ముఖంలోకి చూసి, పదేళ్ళు ఆలస్యంగా వచ్చారు అన్నారు.

బజారు చూడాలని నేను ఎందుకు అన్నానో చెప్పాలి. మా అమ్మాయి ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తోంది, కొలంబస్ నగరంలో క్లింటన్‌విల్ అనే చోట అద్దెకు ఉంటోంది. నేనూ మా ఇంటావిడా వచ్చి మూడు వారాలైంది. బజారుకు తీసుకెళ్ళమంటే అమ్మాయి రెండుసార్లూ కారులో ఈస్టన్‌కే తీసుకెళ్ళింది. 1999లో ఊరి చివర కట్టిన పెద్ద వ్యాపార కేంద్రం అది. వీధులు, దీపస్తంభాలు, మధ్యలో ఫౌంటెన్, బెంచీలు, ఒక చిన్న పట్నంలోకి వచ్చినట్టే ఉంటుంది. మా ఆవిడకు తెగ నచ్చింది. నాకు మాత్రం ఏదో వెలితి. ఆ వీధుల్లో దుకాణాల పైన బట్టలు ఆరేసుకునే మనిషి లేడు, పొద్దున్నే వాకిలి ఊడ్చే మనిషి లేడు. "మరి ఈ ఊరి అసలు బజారు ఎక్కడుందమ్మా?" అని అడిగితే, "డౌన్‌టౌన్‌లో బజారేమీ లేదు నాన్నా, అన్నీ ఆఫీసులే" అంది. ఒక రాష్ట్రానికి రాజధాని, దాదాపు 9 లక్షల జనాభా ఉన్న నగరం, నడిబొడ్డున బజారు లేకపోవడమేమిటి? నాకు నమ్మబుద్ధి కాలేదు. అందుకే ఆ గురువారం పొద్దున ఒక్కడినే 2వ నంబరు బస్సు ఎక్కాను.

బస్సులో ఆ పెద్దావిడ మా మాటల మధ్యలో నా చెప్పుల వంక చూశారు. మీది తొమ్మిదో సైజు, ఎడమ మడమ బయటివైపు ఎక్కువ ఆన్చి నడుస్తారు, మోకాలు నొప్పి ఉందా అని అడిగారు. ఉంది. నాలుగేళ్ళుగా ఎడమ మోకాలే నన్ను బాధపెడుతోంది. ఎలా తెలిసిందని అడిగితే, పద్నాలుగేళ్ళు చెప్పులమ్మిన చేతులివి అని రెండు అరచేతులూ చూపించారు. కొలంబస్ సిటీ సెంటర్ అనే మాల్‌లో, రెండో అంతస్తులో, తలుపులు తెరిచిన మొదటి రోజు నుంచీ.

ఆ మొదటి రోజు 1989 ఆగస్టు 18. ఆ రోజు తన కాళ్ళు ఎంత వాచిపోయాయో చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. మూడు అంతస్తులు, వందకు పైగా దుకాణాలు. ఒక వైపు మార్షల్ ఫీల్డ్స్, ఇంకో వైపు జేకబ్‌సన్స్ అనే పెద్ద దుకాణాలు. హై స్ట్రీట్‌కు అవతల 1851 నుంచీ వ్యాపారం చేస్తున్న లాజరస్ వారి పెద్ద దుకాణం ఉంటే, దానికీ మాల్‌కూ మధ్య రోడ్డు పైనుంచి అద్దాల వంతెన. చలికాలంలో కోటు విప్పి చేతికి వేసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు నడవవచ్చు. క్రిస్మస్ ముందు వారాల్లో పక్క జిల్లాల నుంచి కుటుంబాలు కుటుంబాలుగా వచ్చేవారట. నిలబడి అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదన్నారు.

అసలు ఆ మాల్ కట్టిందే పోయిన జనాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఇక్కడివాళ్ళు కార్లు కొనుక్కుని ఊరి బయట ఇళ్ళు కట్టుకున్నారు, దుకాణాలు వాళ్ళ వెంట వెళ్ళాయి. 1964లో నార్త్‌ల్యాండ్, 1968లో ఈస్ట్‌ల్యాండ్, 1969లో వెస్ట్‌ల్యాండ్ అని ఊరికి మూడు దిక్కులా మూడు మాల్స్ లేచాయి. నడిబొడ్డు ఖాళీ అయింది. శాసనసభ భవనానికి దక్షిణాన ఉన్న పాత కట్టడాలను తీసేసి, శివార్లలో ఏది గెలిచిందో దాన్నే తెచ్చి ఊరి మధ్యలో పెట్టారు. పదేళ్ళు బ్రహ్మాండంగా నడిచింది. అప్పుడు శివార్లు మళ్ళీ కదిలాయి. 1997లో టటిల్ క్రాసింగ్, 1999లో మా అమ్మాయి తీసుకెళ్ళిన ఈస్టన్, 2001లో పొలారిస్. కొత్త ఇళ్ళ పక్కనే కొత్త దుకాణాలు, ఎంతసేపైనా ఉచితంగా కారు పెట్టుకునే మైదానాలు. ఇంత దూరం ఎవరొస్తారు?

ఆవిడ ఈ పతనాన్ని సంవత్సరాల్లో చెప్పలేదు, వెలుతురులో చెప్పారు. మొదట మూడో అంతస్తులో ఒక మూల దీపాలు ఆర్పేశారట. తరువాత ఎదురుగా ఉన్న దుకాణం షట్టరు దించి తెల్ల అట్టలు కట్టారు. 2002లో జేకబ్‌సన్స్ దివాలా తీసింది. 2003లో ఆవిడ దుకాణం. చివరి రోజు పెట్టెల్లో మిగిలినవన్నీ ఒంటికాలి బూట్లేనట, జతలు ఎవరు ఎప్పుడు కలిపేసుకుపోయారో. ఆ మాట చెప్పి చాలాసేపు కిటికీ బయటికి చూస్తూ ఉండిపోయారు. 2004లో లాజరస్ మూసేశారు. మార్షల్ ఫీల్డ్స్ పేర్లు మారి మారి మేసీస్ అయి, 2007లో అదీ పోయింది. 2009 మార్చిలో మాల్ తలుపులు మూసేనాటికి లోపల వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని దుకాణాలు.

"రండి, చూపిస్తాను" అని నన్ను తనతోపాటే దింపారు. ఆవిడ కూడా అక్కడికే వెళుతున్నారు. వేసవిలో గురువారాలు భోజనం బండ్లు వస్తాయట.

దిగి చూస్తే పచ్చిక. దాదాపు ఆరెకరాల పచ్చిక, కొలంబస్ కామన్స్ అని పేరు. మాల్‌ను నేలమట్టం చేసి 2011 మేలో ఈ పార్కు తెరిచారు. ఒక పక్కన పిల్లలు ఎక్కే గుర్రాల రంగులరాట్నం, దూరంగా సంగీత కచేరీల వేదిక, చెట్టు కింద చదువుకునేందుకు పుస్తకాల బండి. ఆఫీసుల వాళ్ళు మెడలో గుర్తింపు కార్డులతో వరుసల్లో నిలబడి ఉన్నారు. నేను శనగ వడలు చుట్టిన రొట్టె ఒకటి కొన్నాను, 9 డాలర్లు. విజయవాడలో నలుగురం కడుపునిండా భోంచేసే డబ్బు, రొట్టె సగం చల్లారి ఉంది. దాని గురించి మా అమ్మాయికి ఆ సాయంత్రం గట్టిగానే చెప్పాను.

ఆవిడ తినడం అయ్యాక లేచి, రంగులరాట్నం నుంచి అడుగులు లెక్కపెడుతూ నడిచారు. ఒకచోట ఆగారు. కొంచెం వెనక్కి జరిగారు. చెయ్యి ఎత్తి తలపైన గాలిలో ఒక చోటు చూపించి, అదిగో, అక్కడ నా గల్లా పెట్టె ఉండేది అన్నారు. నేను తలెత్తి చూశాను. ఎవరో పిల్లవాడు వదిలిన సబ్బు బుడగలు సరిగ్గా అక్కడి నుంచే వెళుతున్నాయి. ఆవిడ చెయ్యి చాలాసేపు దించలేదు.

మన కాళ్ళ కింద ఏముందో తెలుసా అని అడిగారు తరువాత. మాల్‌కు వచ్చేవాళ్ళ కోసం తవ్విన పార్కింగ్ గ్యారేజీ. పైదంతా పోయినా అది ఉంది, ఇప్పటికీ కార్లు పెడుతున్నారు. అంటే మేము నిలబడ్డ గడ్డి ఒక కప్పు మీద మొలిచిందన్నమాట. మెట్లు దిగి చూశాను. కాంక్రీటు స్తంభాలు, చల్లటి గాలి, తడి వాసన. మాల్ అంతటిలో మిగిలినది కార్లు నిలిపే చోటు ఒక్కటే అని తలచుకుంటే నాకు గుండె బరువెక్కింది.

మళ్ళీ పైకి వచ్చి హై స్ట్రీట్ వైపు నిలబడ్డాం. పార్కు అంచున ఇప్పుడు అపార్ట్‌మెంట్లు కట్టారు, కింద దుకాణాలు, ప్రతి దానికీ రోడ్డు మీదికి తలుపు. అప్పుడు ఇక్కడంతా గోడే అని ఆవిడ చెప్పారు. కిటికీ లేని గోడ. లోపల ఎంత జాతర జరిగినా వీధిలో నడిచే మనిషికి కనిపించేది కాదు, లోపలికి వచ్చిన మనిషి వీధిలోకి రావలసిన పనీ ఉండేది కాదు. కారు నేరుగా గ్యారేజీలోకి, అక్కడి నుంచి పైకి, మళ్ళీ కారులోకి.

ఆ గోడ మాట వినగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు. విజయవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల దుకాణంలో ముప్పై ఏళ్ళు గుమాస్తా. గుడ్డ తాను అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి నలిపి అది ఏ మిల్లుదో చెప్పేవారు, ఈవిడ నా మడమ చూసి మోకాలి నొప్పి చెప్పినట్టు. పొద్దున బోణీ అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడేవారు. గుమ్మం ముందు నుంచి పోయే మనిషే సగం బేరం అనేవారు. ఎదురుగా తోపుడు బండి మీద రుమాళ్ళు అమ్మే మనిషితో ఎప్పుడూ తగవు పెట్టుకోలేదు. రుమాలు కోసం ఆగినవాళ్ళు చొక్కా గుడ్డ చూస్తారని ఆయనకు తెలుసు. ఆ దుకాణం ఇప్పుడు లేదు. కానీ అదే గుమ్మంలో ఇంకో దుకాణం ఉంది, దాని ముందు ఇంకో బండి ఉంది. సిటీ సెంటర్‌లో ఒక్కొక్క దుకాణం పోతుంటే ఆ గుమ్మంలోకి ఇంకొకరు రావడానికి అది వీధి గుమ్మం కాదు కదా. మూడు అంతస్తులూ కలిసే బతికాయి, కలిసే పోయాయి.

పార్కును ఆనుకుని ఉత్తరాన ఒహాయో థియేటర్ ఉంది, 1928 నాటిది. 1969లో దాన్నీ కూల్చబోతే ఊరి జనం చందాలు పోగుచేసి కాపాడుకున్నారు. ఇప్పటికీ నాటకాలు, కచేరీలు జరుగుతున్నాయి. మాల్‌ను కాపాడమని ఎవరైనా చందాలు వేశారా అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపారు. అయినా పార్కు మంచిదే అన్నారు, మనవరాలు రాట్నం దిగనంటుందట. రోడ్డు మీది అద్దాల వంతెన ఇప్పుడు లేదు. అవతలి లాజరస్ భవనం మాత్రం నిలబడి ఉంది, అందులో ఒహాయో పర్యావరణ సంస్థ ఆఫీసులు.

ఆవిడ బస్సు ముందు వచ్చింది. ఎక్కబోతూ ఆగి, ఎడమ చెప్పులో మడమ కింద మెత్త వేయించుకోండి, మర్చిపోకండి అని చెప్పి వెళ్ళారు.

తిరుగు బస్సుకు ఆవిడ ఇచ్చిన వాటిలోనే రెండు డాలర్లు పెట్టెలో వేశాను. నడిబొడ్డు దాటగానే షార్ట్ నార్త్ వచ్చింది, రోడ్డుకు అడ్డంగా దీపాల తోరణాలు ఉన్న వీధి. చిన్న చిన్న పాత భవనాలు, ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ దుకాణాలు. అద్దానికి ముఖం ఆనించి, హై స్ట్రీట్ మీదికి తెరుచుకున్న తలుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక తలుపులో ఒకతను కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, బేరం కోసం చూస్తూ. యూనివర్సిటీ వచ్చేసరికి లెక్క తప్పింది.